సాయంత్రపు సెంటు మగవాడి గురించి ఏం చెబుతుంది?

మగవాళ్ళ పర్ఫ్యూముల్లో కొన్నిటిని ప్రత్యేకంగా సాయంత్రాలకీ రాత్రిళ్ళకీ అని చెప్పి అమ్ముతారు. సీసా నల్లగానో ముదురు ఎరుపులోనో ఉంటుంది. పేరులో నైట్, నోయిర్, ఇంటెన్స్ లాంటి మాట ఒకటి కనిపిస్తుంది. వర్ణనలో వాసన గురించి ఒక వాక్యం ఉంటే మనిషి గురించి నాలుగుంటాయి. ఇది వాడే మగవాడు నిబ్బరంగా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు, అతని లోపల ఏముందో ఓ పట్టాన అంతుపట్టదు. వేలు పోసి ఆ సీసా కొనే కుర్రాడు చాలావరకు ఆ నాలుగు వాక్యాల కోసమే కొంటాడు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ వాక్యాలు ఎక్కడి నుంచి వచ్చాయో, వాటిలో ఎంత నిజముందో తెలిస్తే డబ్బుకీ మనసుకీ రెండిటికీ మంచిది.

నాకు అర్థమైనది ముందే చెబుతాను. సీసాలో స్వభావం ఉండదు. సీసాలోని రసాయనం నిర్ణయించేది రెండే విషయాలు: వాసన ఎంత దూరం వెళ్తుంది, ఎంతసేపు నిలుస్తుంది. మిగతాదంతా పీల్చేవాళ్ళ జ్ఞాపకాల నుంచీ, పూసుకున్నవాడి మనసు నుంచీ వస్తుంది. జ్ఞాపకాలు ఊరిని బట్టి మారతాయి కాబట్టి పారిస్‌లో రాసిన స్వభావం గుంటూరులో అలాగే పనిచెయ్యదు.

ఒక్క సీసా తీసుకుని చూద్దాం. ఈవ్ సాం లోరాన్ సంస్థ 2009లో తెచ్చిన పర్ఫ్యూమ్ లా న్యుయి ద లోమ్. మగవాడి రాత్రి అని అర్థం. ఆన్ ఫ్లిపో, పియెర్ వార్న్యే, డొమినిక్ రోపియాన్ అనే ముగ్గురు పర్ఫ్యూమర్లు కలిసి దీన్ని కూర్చారు. ప్రకటనల్లో ఫ్రెంచ్ నటుడు వాంసాన్ కాసెల్ కనిపించాడు. రాత్రి పూట పర్ఫ్యూమ్ ఏది బాగుంటుందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ముందుగా వినిపించే పేర్లలో ఇదొకటి.

ఇందులో మొదట ముక్కుకు తగిలేది ఏలకులు. వాటితో పాటు బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క, లావెండర్, వర్జీనియా సీడర్ చెక్క, కారవే గింజలు, వట్టివేరు ఉంటాయి. కారవే మన షాజీరాకు దగ్గరి చుట్టం. ఈ వరస చదివితే మనకు వెంటనే గుర్తొచ్చేవి పరమాన్నం, ఇరానీ హోటల్లో ఇలాచీ చాయ్, బిర్యానీ దమ్ము విప్పినప్పుడు వచ్చే ఆవిరి, ఎండాకాలం కిటికీలకు కట్టి నీళ్ళు చల్లే వట్టివేళ్ళ తడికెలు. వీటిలో అంతుపట్టని మగవాడు ఎక్కడున్నాడు? ఫ్రెంచివాళ్ళకు ఎక్కడ కనిపించాడు? ఈ ప్రశ్నను పట్టుకుని వెళ్తే మొత్తం విషయం విడివడుతుంది.

ముందు రసాయనం సంగతి

పర్ఫ్యూమ్ అంటే ఆల్కహాల్‌లో కరిగించిన రకరకాల నూనెలు, విడి పదార్థాలు. చర్మం మీద పడగానే ఆల్కహాల్ ఆరిపోతుంది. ఆ తర్వాత తొందరగా ఎగిరే అణువులు ముందు, నెమ్మదిగా కదిలేవి తర్వాత గాల్లోకి వస్తాయి. నిమ్మ, బత్తాయి జాతి వాసనలు పది పదిహేను నిమిషాల్లో మాయమవుతాయి. లావెండర్, ఏలకులు, కొన్ని పూలు ఇంకాసేపు ఉంటాయి. గంధం, వనిల్లా, సాంబ్రాణి, పచౌలి ఆకు, కస్తూరి లాంటివి గంటల తరబడి, బట్ట మీదైతే మర్నాటి దాకా నిలుస్తాయి. టాప్, మిడిల్, బేస్ అని పిలిచేది ఈ వరసనే.

బరువైన అణువు నెమ్మదిగా ఎగురుతుందని సాధారణంగా చెబుతారు. అది సగం నిజం. లావెండర్‌లో ప్రధానంగా ఉండే లినలూల్ అణుభారం 154. వనిల్లాకు ప్రాణమైన వనిలిన్ అణుభారం 152. దాదాపు సమానం. అయినా లినలూల్ 198 డిగ్రీల దగ్గర మరిగితే వనిలిన్‌కు 285 డిగ్రీలు కావాలి. వనిలిన్ అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, గాల్లోకి రావడానికి మొరాయిస్తాయి. అందుకే లావెండర్ పూసుకున్నవాడు గదిలోకి రాగానే తెలుస్తాడు, ఒక గంటకు ఆ వాసన పోతుంది. వనిల్లా పూసుకున్నవాడు రాగానే అంతగా తెలియడు కానీ, పక్కన కూర్చున్నవాళ్ళకు రాత్రి పదింటికి కూడా తెలుస్తూనే ఉంటాడు.

రాత్రి పర్ఫ్యూమ్‌కు పెట్టిన స్వభావంలో పెద్ద భాగం ఈ ఎగిరే వేగం నుంచి పుట్టిందే. తొందరగా అరిచే వాసన తక్కువ, దగ్గరగా నెమ్మదిగా వచ్చే వాసన ఎక్కువ. దగ్గరికి వస్తే తప్ప తెలియదు కాబట్టి 'అంతుపట్టనివాడు'. గంటలు గడిచినా మారకుండా ఉంటుంది కాబట్టి 'నిబ్బరమైనవాడు'. ఒక అణువు ఎంత వేగంగా ఎగురుతుందన్న లెక్కను మనిషి గుణంగా చదువుతున్నాం. వినడానికి వింతగా ఉన్నా, మనం గొంతును కూడా అలాగే చదువుతాం కదా. నెమ్మదిగా, తగ్గు స్వరంలో మాట్లాడేవాడు లోతైనవాడనిపిస్తాడు. అతను నిజంగా లోతైనవాడో కాదో మనకు తెలియదు.

యూరప్‌లో సాయంత్రానికి వేరే వాసన కావాల్సి రావడానికి ఇంకో మామూలు కారణం చలి. డిసెంబర్‌లో పారిస్ ఉష్ణోగ్రత 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చల్లగాలిలో ఏ అణువైనా బద్ధకంగానే లేస్తుంది. తేలికపాటి నిమ్మ వాసన పైకోటు లోపలే ఆగిపోతుంది. ఉన్ని బట్టలు వాసనను పట్టుకుని మెల్లగా వదులుతాయి. కాబట్టి అక్కడ రాత్రికి గట్టి బేస్ ఉన్న పర్ఫ్యూమ్ కావాలి. ఈ అవసరం వాతావరణానిది. దాన్ని స్వభావంగా మార్చింది తర్వాతి చరిత్ర.

రహస్యం ఎవరిది?

పగటి మగవాడి వాసన ముందు తయారైంది. 1868లో విలియం పెర్కిన్ అనే ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్త కుమరిన్ అనే సుగంధ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. అప్పటిదాకా అది టాంకా అనే చెట్టు గింజల్లాంటి వాటి నుంచే వచ్చేది. ఎండుగడ్డి, బాదం కలిసినట్టుండే వాసన. 1882లో ఊబిగాన్ సంస్థకు ఫుజేర్ రొయాల్ అనే పర్ఫ్యూమ్ చేసిన పాల్ పార్కే దాన్ని లావెండర్‌తో, ఓక్ చెట్టు మీది పాచితో కలిపాడు. ఆ కలయిక ఒక కుటుంబంగా స్థిరపడి, షేవింగ్ సబ్బుల్లోకీ ఆఫ్టర్‌షేవ్‌ల్లోకీ చేరింది. ఇప్పటికీ ఆ వాసన తగిలితే అప్పుడే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు బయల్దేరిన మగవాడు గుర్తొస్తాడు. కుమరిన్‌కు క్రమశిక్షణతో సంబంధం లేదు. మంగలి షాపుకు ఉంది. సబ్బు కూడా కుమరిన్ వాసనే వేస్తే మనసు రెంటినీ ముడిపెట్టేసింది.

రాత్రి మగవాడి కథ వేరే దారిలో వచ్చింది. వనిలిన్‌ను 1874లో జర్మనీలో తయారుచేశారు. 1889లో ఎమె గెర్లాన్ చేసిన జికీ అనే పర్ఫ్యూమ్‌లో లావెండర్, కుమరిన్, వనిలిన్ కలిశాయి. 1925లో అదే కుటుంబంలోని జాక్ గెర్లాన్ వనిల్లాను ఇంకా పెంచి షాలిమార్ చేశాడు, ఆడవాళ్ళ కోసం. ఆ పేరు మొగలాయీల షాలిమార్ తోటల నుంచి తీసుకున్నది. వనిల్లా, సాంబ్రాణి జాతి బంకలు, సుగంధ ద్రవ్యాలు, కస్తూరి కలిసిన ఈ కుటుంబానికి యూరప్ పెట్టుకున్న పేరు 'ఓరియెంటల్', అంటే తూర్పు దేశాలది. 1965లో గెర్లాన్ వాళ్ళే ఆబీ రూజ్ తెచ్చారు. మగవాళ్ళకంటూ చేసిన తొలి ఓరియెంటల్‌గా ఆ రంగంలో దాన్నే చెప్పుకుంటారు.

ఇక్కడ నేను కాస్త ఆగి ఒక విషయం గట్టిగా చెప్పాలి. రాత్రి పర్ఫ్యూమ్‌లోని 'రహస్యం' అనే గుణం యూరప్ మన వైపు చూస్తూ ఊహించుకున్నది. అంతఃపురాలు, సుగంధ ద్రవ్యాల ఓడలు, ధూపం పొగలు, మొగల్ తోటలు. వాళ్ళకు దూరంగా, అందనంతగా ఉన్నవి కాబట్టి అవి రహస్యాలయ్యాయి. ఏలకులు ఫ్రెంచివాడికి ఓడెక్కి వచ్చిన వస్తువు. మనకు పోపులపెట్టెలో చిన్న డబ్బా. ఆ ఊహలోని బరువు తెలిసే కావచ్చు, పరిమళాల వర్గీకరణకు పేరుపడ్డ మైకేల్ ఎడ్వర్డ్స్ 2021లో ఓరియెంటల్ అన్న పేరు మానేసి ఆ కుటుంబాన్ని ఆంబర్ అనడం మొదలుపెట్టాడు. పేరు మారింది కానీ ప్రకటనల్లోని మగవాడు ఇంకా ఆ పాత ఊహలోనే ఉన్నాడు.

తర్వాతివాళ్ళు ఈ రెండు దారుల్నీ కలిపారు. 1995లో, అప్పటికి ఇరవైల్లో ఉన్న ఫ్రాన్సిస్ కుర్క్‌జాన్ మంగలి షాపు లావెండర్‌నూ పుదీనానూ తీసుకుని తియ్యటి వనిల్లా మీద నిలబెట్టి, జాన్ పాల్ గోతియే కోసం ల మాల్ చేశాడు. మగవాడి మొండెం ఆకారంలో సీసా. 2008లో పాకో రబాన్ వన్ మిలియన్ బంగారు కడ్డీ ఆకారంలో వచ్చింది, దాల్చినచెక్క, తోలు, తీపి. దాని ప్రకటనలో ఒక కుర్రాడు చిటికేస్తే కావలసినవన్నీ జరుగుతుంటాయి. ఇక్కడి రాత్రి మగవాడికి రహస్యం అక్కర్లేదు, అందరూ తిరిగి చూడాలి. అంటే రాత్రి అనే ఒక్క గుర్తు కిందే రెండు పూర్తి వ్యతిరేక స్వభావాలు అమ్ముడుపోతున్నాయి. తీపి, మసాలా, చెక్క రెండిట్లోనూ ఉన్నాయి. వాసన నుంచే స్వభావం పుట్టేదైతే ఇంత తేడా రాదు. సీసా ఆకారం, నటుడి ముఖం, పేరు కలిసి సగం పని చేస్తున్నాయి.

మన ముక్కులో ఏముంది

యూరప్ జ్ఞాపకాలు పక్కన పెట్టి మనవి చూస్తే లెక్క మొత్తం తిరగబడుతుంది.

సాంబ్రాణి సంగతే తీసుకోండి. ఆంబర్ కుటుంబం పర్ఫ్యూముల్లో ఆ తియ్యటి బంక వాసనకు సాంబ్రాణి ఒక ముఖ్యమైన దినుసు. పారిస్ వర్ణనలో అది మోహం, వెచ్చదనం, రాత్రి. మన ఇళ్ళల్లో తలంటు పోసిన పసిపిల్ల జుట్టు ఆరబెట్టే పొగ. బాలింత గది. శుక్రవారం సాయంత్రం దేవుడి మందిరం. సాంబ్రాణి బాగా వేసిన ఖరీదైన పర్ఫ్యూమ్ పూసుకుని వెళ్తే ఎదుటి తెలుగు మనిషికి మోహం కంటే ముందు అమ్మమ్మ ఇల్లు గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. అది తక్కువ ప్రభావమని నేను అనుకోను. నమ్మకం, దగ్గరితనం కలిగించడానికి అంతకంటే మంచి దారి ఉందా?

పునుగు విషయం ఇంకా బలమైనది. పునుగుపిల్లి నుంచి తీసే ఆ పదార్థాన్ని యూరప్ పర్ఫ్యూమర్లు వందల ఏళ్ళు వాడారు. జికీలో ఉండేది. ఆ జంతువాసనను ముందుకు తెచ్చి 1981లో పియెర్ బూర్దాన్ చేసిన కూరోస్‌కు అదుపు లేని మగతనం అనే పేరొచ్చింది. ఇప్పుడు ఎక్కువగా కృత్రిమ పునుగే వాడుతున్నారు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత శ్రీవారికి పూసేది పునుగు తైలం. ఒక చోట కామం, ఒక చోట భక్తి. పదార్థం మాత్రం ఒకటే.

గంధమూ అంతే. సింహాచలంలో వరాహ నరసింహస్వామి ఏడాదంతా గంధపు పూతలోనే ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ ఒక్కరోజే. ఉగ్రాన్ని చల్లార్చేది గంధమని మన నమ్మకం. పెళ్ళిలో మగపెళ్ళివారికి గంధం పూసి పన్నీరు చల్లేది మర్యాద కోసం. పాశ్చాత్య రాత్రి పర్ఫ్యూముల్లో అదే గంధం బేస్‌లో కూర్చుని చర్మపు వెచ్చదనాన్ని గుర్తుచేసే పని చేస్తుంది. వట్టివేరు యూరప్‌లో ఖరీదైన సూటు వేసుకున్న మగవాడి వాసన, మనకు మండుటెండలో తడి తడికె. మొదట్లో చెప్పిన లా న్యుయి ద లోమ్‌లో చివరికి మిగిలే వాసనల్లో అదీ ఒకటి.

ఇక ఆడ మగ తేడా. గులాబీ, మల్లె ఆడవాళ్ళ వాసనలని పాశ్చాత్య దుకాణాలు గోడ కట్టినట్టు విడదీశాయి. హైదరాబాద్ చార్మినార్ చుట్టుపక్కల, పత్తర్‌గట్టీ వైపు అత్తరు దుకాణాల్లో గులాబ్, మోతియా (మల్లె) అడిగేవాళ్ళలో గడ్డం నెరిసిన పెద్దమనుషులు ఎంతమందో. రంజాన్ సాయంత్రాల్లో ఆ వీధిలో నడిస్తే మగవాళ్ళ మీద గులాబీ, ఊద్, కేసరి, మూలికలూ సుగంధ ద్రవ్యాలూ కలిపి చేసే షమామా వాసనలు కలిసి వస్తుంటాయి. ఎవరికీ అందులో వింత కనిపించదు. అత్తరులో ఆల్కహాల్ ఉండదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో సంప్రదాయంగా డేగులనే పెద్ద రాగి పాత్రల్లో పూలను మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టిస్తారు. నూనె కాబట్టి గాల్లోకి ఎగసిపడదు, ఒంటికి అంటిపెట్టుకుని ఉంటుంది. దగ్గరికి వచ్చినవాళ్ళకే తెలిసే సాయంత్రపు వాసన కావాలంటే యూరప్ 'రాత్రి' అన్న మాట పెట్టక ముందే మన దగ్గర ఉంది.

ఊద్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. అగరు చెట్టుకు శిలీంధ్రం సోకినప్పుడు లోపల ఊరే నల్లటి బంక చెక్కే ఊద్. గల్ఫ్‌లో మగవాళ్ళకు రోజువారీ వాసన అది. 2002లో ఈవ్ సాం లోరాన్ ఎమ్ సెవెన్ అనే పర్ఫ్యూమ్‌లో దాన్ని ముందుకు తెస్తే పాశ్చాత్య మార్కెట్‌కు మింగుడుపడలేదు. 2007లో టామ్ ఫోర్డ్ ఊద్ వుడ్ వచ్చాక నెమ్మదిగా అలవాటైంది. ఇప్పుడు దుకాణంలో ఎన్నో రాత్రి పర్ఫ్యూముల పేర్లలో ఊద్ ఉంటుంది. కువైట్ నుంచో దుబాయ్ నుంచో సెలవుకొచ్చిన కడప, కరీంనగర్, కోనసీమ మనుషుల సూట్‌కేసుల్లో అది ఎప్పుడో మన ఊళ్ళకు చేరింది. ఆ ఇళ్ళల్లో పెరిగిన పిల్లలకు ఊద్ అంటే రహస్యం కాదు, నాన్న ఇంటికొచ్చిన రోజు.

ఒకే వాసన, వేరు వేరు ముక్కులు

జ్ఞాపకాలు ఒక్కటే అయినా అందరికీ ఒకే వాసన చేరదు. లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే శాస్త్రవేత్తలు 1991లో వాసన గ్రాహకాల, అంటే ముక్కులో వాసనను పట్టే ప్రోటీన్ల, జన్యువులను కనుగొన్నారు, 2004లో నోబెల్ అందుకున్నారు. మనుషుల్లో పనిచేసే వాసన గ్రాహకాలు 400 రకాల దాకా ఉన్నాయి. ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా అందులో దాదాపు 30 శాతం వేరుగా పనిచేస్తాయని 2014లో ఒక పరిశోధన చూపించింది. ఆండ్రోస్టినోన్ అనే అణువు మగవాళ్ళ చెమటలో ఉంటుంది. కొందరికి అది మూత్రం వాసన, కొందరికి తియ్యటి వనిల్లా, కొందరికి అసలు వాసనే లేదు. ఒకే ఒక్క గ్రాహకంలోని తేడా దీనికి ఒక ముఖ్య కారణమని 2007లో తేలింది. కృత్రిమ కస్తూరుల్లో కొన్ని కూడా కొందరికి పూర్తిగా తెలియవు. అంటే మీరు ఎంచుకున్న పర్ఫ్యూమ్‌లో ప్రాణమనుకున్న భాగమే మీ ఎదుటి మనిషికి చేరకపోవచ్చు.

పేరు కూడా ముక్కును మారుస్తుంది. 2001లో రేచల్ హెర్జ్, జూలియా వాన్ క్లెఫ్ అనే పరిశోధకులు ఒకే వాసనను కొందరికి పార్మెజాన్ చీజ్ అనీ, కొందరికి వాంతి అనీ చెప్పి చూపించారు. మొదటివాళ్ళకు బాగుంది, రెండోవాళ్ళకు రోత పుట్టింది. సీసా మీద నైట్ అని రాస్తే మనం రాత్రిని వాసన చూస్తాం. ఇది మోసపోవడం అనను. మెదడు వాసనను ఎప్పుడూ ఒంటరిగా చదవదు, పక్కనున్న మాటతో, రంగుతో, మనిషితో కలిపే చదువుతుంది.

మరి వాసన నుంచి నిజమైన స్వభావం ఏమైనా తెలుస్తుందా? పోలండ్ పరిశోధకురాలు అగ్నెష్కా సొరొకోవ్‌స్కా బృందం 2012లో ఒక అధ్యయనం ప్రచురించింది. కొందరు మూడు రాత్రులు ఒకే కాటన్ టీషర్టు వేసుకుని పడుకున్నారు, సెంటూ సబ్బూ లేకుండా. ఆ టీషర్టులు వాసన చూసిన కొత్తవాళ్ళు వాళ్ళ కలివిడితనాన్నీ, ఆందోళన స్వభావాన్నీ, పెత్తనం చేసే గుణాన్నీ కాకతాళీయం అనలేనంతగా పోల్చుకోగలిగారు. పోలిక బలహీనమైనదే, కానీ ఉంది. 2016లో అదే బృందం సెంట్లూ డియోడరెంట్లూ వాడుకోనిచ్చి మళ్ళీ చూసింది. వాసన ఇంపుగా అనిపించింది కానీ స్వభావాన్ని పోల్చుకోవడం తగ్గింది. కాబట్టి పర్ఫ్యూమ్ మీ స్వభావాన్ని చాటుతుందన్న మాట కంటే కొంత కప్పుతుందన్న మాటే ఈ ఫలితాలకు దగ్గర.

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించిన ప్రయోగం ఇంగ్లండ్‌లో లివర్‌పూల్‌లో జరిగింది, 2009లో వెలువడింది. క్రెయిగ్ రాబర్ట్స్, ఆయన సహచరులు కొందరు కుర్రాళ్ళకు సువాసన ఉన్న మామూలు స్ప్రే ఇచ్చారు, కొందరికి ఏ వాసనా లేనిది ఇచ్చారు. తర్వాత వాళ్ళను వీడియో తీసి, శబ్దం తీసేసి, అమ్మాయిలకు చూపించారు. అమ్మాయిలకు ఏ వాసనా చేరలేదు. అయినా సువాసన స్ప్రే వాడిన కుర్రాళ్ళే ఎక్కువ ఆకర్షణీయంగా ఉన్నారన్నారు. ఫొటోల్లో మాత్రం ఆ తేడా లేదు, కదలికల్లోనే ఉంది. వాసన కుర్రాళ్ళ మీద పనిచేసింది, వాళ్ళు కూర్చునే తీరూ చూసే తీరూ మారాయి, ఆ మార్పు చూసినవాళ్ళకు అందింది. ప్రకటన చెప్పే 'నిబ్బరమైన మగవాడు' ఎక్కడైనా నిజంగా పుడితే ఇక్కడే పుడతాడు. పూసుకున్న మనిషి తన వాసన తనకు నచ్చి కాస్త తేలికపడతాడు, భుజాలు వదులవుతాయి, టెన్షన్ తగ్గుతుంది. అందుకే ఇతరులకు నచ్చుతుందని చెప్పి, మీకు నచ్చని పర్ఫ్యూమ్ పూసుకుని పార్టీకి వెళ్ళడం వల్ల ఉపయోగం లేదని నా గట్టి నమ్మకం.

దీనికి తోడు ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ఒకటి గమనించారు. మనుషులు తమకు తాము ఎంచుకున్న పర్ఫ్యూమ్ వాళ్ళ ఒంటి వాసనతో కలిసినప్పుడు, వేరేవాళ్ళు ఇచ్చిన పర్ఫ్యూమ్ కలిసినదానికంటే ఇంపుగా ఉంది. సీసాలోంచి నేరుగా పీల్చినప్పుడు ఆ రెండు పర్ఫ్యూముల మధ్య అంత తేడా లేదు. మన ముక్కు మన చర్మానికి సరిపడేదాన్ని ఎంచుకోగలదన్నమాట. అన్నయ్యకు బాగున్న సెంటు తమ్ముడికి నప్పకపోవడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు.

విజయవాడలో రాత్రి

ఇప్పుడు ఆ సీసాను మన దగ్గరకు తెద్దాం. మే నెలలో సాయంత్రం ఏడింటికి విజయవాడలో 35 డిగ్రీల దగ్గర ఉండడం మామూలే, పైగా ఉక్క. పారిస్ చలిలో బద్ధకంగా లేచే వనిల్లా, దాల్చిన, టాంకా ఇక్కడ ఒక్కసారిగా లేస్తాయి. అక్కడ చెయ్యి చాపినంత దూరంలో ఆగే వాసన ఇక్కడ ఫంక్షన్ హాల్ గుమ్మం దగ్గరే తెలిసిపోతుంది. తీపి చెమటతో కలిస్తే ఎదుటివాళ్ళకు ఊపిరాడదు. 'అంతుపట్టనివాడు' అనే వేషం అక్కడే చెదిరిపోతుంది, ఎందుకంటే దగ్గరికి రాకుండానే అందరికీ తెలిసిపోయాడు. అదే సీసా డిసెంబర్‌లో అరకులోనో ఆదిలాబాద్‌లోనో, హైదరాబాద్‌లో ఏసీ హాల్లోనో చక్కగా అమరుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్ళకు చలికాలం ఈ చిక్కు లేదు.

కాబట్టి మన వేసవి సాయంత్రాలకు నా ఎంపిక వట్టివేరు, గంధం, ఏలకులు, సీడర్ ముందుండే రకాలు. ఇవి వేడిలోనూ పొడిగా, చల్లగా ఉంటాయి. వనిల్లా, ఊద్, పొగాకు, తేనె బరువుగా ఉన్నవాటిని వానాకాలం పోయాక తియ్యండి. అత్తరు అయితే చెవి వెనక, మణికట్టు మీద అంటించినంత చాలు. సీసా మీద ఓ ద తోయ్‌లెట్ అని రాసిన తేలిక రకంలో సుగంధ పదార్థం సుమారు 5 నుంచి 15 శాతం, ఓ ద పర్ఫ్యూమ్ అని రాసిన గాఢమైన రకంలో 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. ఇది సంస్థను బట్టి మారుతుంది కానీ, ఇంటెన్స్ అని రాసినదాన్ని మామూలుదానిలా నాలుగైదు సార్లు కొట్టుకోకూడదని అర్థం చేసుకోవడానికి సరిపోతుంది. మనకు మన వాసన కాసేపటికి తెలియకుండా పోతుంది, ముక్కు అలవాటు పడిపోతుంది. ఆరిపోయిందనుకుని మళ్ళీ కొట్టుకునేది అందుకే. అలా ఎప్పుడూ చెయ్యకండి. కొత్త తరం పర్ఫ్యూముల్లో ఎక్కువగా వాడే ఆంబ్రాక్సాన్ లాంటి కృత్రిమ పదార్థాలతో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పూసుకున్నవాడికి ఏమీ తెలియదు, లిఫ్టులో ఉన్న మిగతావాళ్ళకు తల పగిలిపోతుంది.

కొనేముందు చూసుకోవడానికి సులువైన దారి ఒకటుంది. షాపులో కాగితం ముక్క మీద వచ్చేది మొదటి పది నిమిషాల వాసన, రాత్రికి మిగిలేది అది కాదు. సాయంత్రం ఆరింటికి మణికట్టు మీద ఒక్క స్ప్రే కొట్టించుకుని, కొనకుండా ఇంటికొచ్చేయండి. స్నానం చెయ్యకుండా తొమ్మిదింటి దాకా ఆగండి. ఆ మూడు గంటల్లో అది మీకు హాయిగా ఉందా, విసుగు తెప్పించిందా గమనించండి. తర్వాత ఇంట్లోవాళ్ళను అడగండి. బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు, కాబట్టి ఎంత దూరం నుంచి తెలిసింది అని అడగండి. చెయ్యి చాపితే అందేంత దూరంలో తెలిస్తే రాత్రి విందుకు ఆ కొలత సరిగ్గా ఉన్నట్టు. వంటింట్లోంచే తెలిసిందంటే అది డిసెంబర్‌కు దాచుకోవలసిన సీసా.